ఇంజన్ ఆయిల్‌లోకి వంక నీళ్లు చేరితే: నా అనుభవం

2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక వాగు పొంగినప్పుడు మా వీధిలో నిలిపిన నా పెట్రోల్ కారు బానెట్ దాకా మునిగింది. నీళ్లు తగ్గాక చూసినవాళ్లంతా ‘ఒకసారి స్టార్ట్ చేసి చూడు’ అన్నారు. మా మెకానిక్ మాత్రం ఫోన్‌లోనే గట్టిగా చెప్పాడు: “అన్నా, సెల్ఫ్ కొట్టొద్దు. తాళం కూడా తిప్పొద్దు. బ్యాటరీ మైనస్ వైరు తీసేయ్.”

ఆ మాటే ఇంజన్‌ను కాపాడింది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి రాలేక, దాన్ని కింది నుంచి నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అక్కడితో ఇంజన్ విప్పాల్సిందే.

బండిని కదిలించకముందే ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాను. మామూలు పాలసీలో నీళ్ల వల్ల ఇంజన్ లోపల జరిగే నష్టానికి సాధారణంగా డబ్బు రాదు, అదనంగా కట్టి తీసుకునే ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉండాలి. సర్వేయర్ చూసి వెళ్లాకే షెడ్డుకు లాగించాం.

ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ పాల కాఫీ రంగులో ఉంది, మట్టం పై గీత దాటేసింది. ఇంజన్ పై భాగానికి, కింది భాగానికి మధ్య ఉండే సీలు (హెడ్ గ్యాస్కెట్) పోతే, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలిసి ఇలాగే కనిపిస్తుందని మెకానిక్ ముందు కూలెంట్ చూశాడు. అది తగ్గలేదు. ఎయిర్ ఫిల్టర్ మాత్రం బురదతో మెత్తబడిపోయి ఉంది. అంటే నీళ్లు బయటివే. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున డ్రైన్ బోల్ట్ వదులు చేస్తే ముందుగా ఎర్రటి నీళ్లే కారాయి. ఆయిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి ఆయిల్ చాంబర్ అడుక్కు దిగాయి. ఆ తర్వాతే జిగటగా, నురగనురగగా ఆయిల్ వచ్చింది. స్పార్క్ ప్లగ్గులు తీసి, పానాతో ఇంజన్‌ను చేత్తోనే మెల్లగా తిప్పితే ఒక రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాయి. అది చూశాక నాకు చెమటలు పట్టాయి.

ఒక్కసారి ఆయిల్ మారిస్తే సరిపోదు. సందుల్లో మిగిలిన నీళ్లు కొత్త ఆయిల్‌లో కలుస్తాయి. అలాంటి ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు, ఇనుముకు ఇనుము రాసుకుంటుంది. అందుకని చవక ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా కాసేపు నడిపి దించేశాడు. మళ్లీ పోశాడు, మళ్లీ దించాడు. దించిన ప్రతిసారీ ఒక చుక్క వేడి రేకు మీద వేసేవాడు. చిటపటలాడితే ఇంకా నీళ్లున్నట్టే. ఆ చప్పుడు ఆగిన తర్వాతే అసలు ఆయిల్ పోశాడు.

చలికాలంలో దగ్గరి దూరాలకే తిరిగే బండికి ఆయిల్ మూత కింద కొంచెం పసుపు నురగ కడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్ తగ్గకపోతే దానికి టెన్షన్ పడక్కర్లేదు. మునిగిన బండికైతే గేర్‌బాక్స్ ఆయిల్ కూడా దించి చూడమని అడగండి. గాలి పోయే చిన్న గొట్టంలోంచి అందులోకీ నీళ్లు దిగుతాయి. నా బండిలో దిగాయి.