కోరంగి బురదలో ఒక మీటరు లోతు

అమావాస్య వెళ్లి రెండు రోజులైంది. కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద కోరంగి చేరేసరికి పాయలో నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి. మాకు కావలసింది అదే. మడ అడవి మట్టిలో కార్బన్ ఎంతుందో కొలవడానికి బురద తీసే పనికి పోటు మీద లోపలికి పోవాలి, పాటులో పని చేసుకోవాలి, మళ్లీ పోటు తగిలేలోగా పడవ ఎక్కాలి. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఇవాళ్టి వేళ రేపటికి 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టికల్లో ఉండేవి రేవు దగ్గరి వేళలు. లోపలి పాయలకు నీరు ఆలస్యంగా చేరుతుంది, ఆలస్యంగా దిగుతుంది. ఎంత ఆలస్యమో పడవ నడిపే మనిషికే తెలుస్తుంది. అష్టమి నవముల దగ్గర వెళితే నీరు అంతగా దిగదు, సగం ప్లాట్లు (కొలతకు గుర్తుపెట్టుకున్న గుండ్రటి చోట్లు) మోకాలి లోతు నీళ్లలోనే ఉండిపోతాయి.

ఇది అభయారణ్యం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం సెక్షన్ 28 కింద పరిశోధనకు అనుమతి తీసుకోకుండా పారతో మట్టి ముట్టుకోకూడదు. దరఖాస్తులో ఎన్ని కోర్‌లు (గొట్టంతో నిలువుగా తీసే మట్టి ముద్దలు), ఎంత లోతు, ఎంత మట్టి అనేవి ముందే రాసిపెడితే తర్వాత ప్రశ్నలు తగ్గుతాయి.

ఎందుకీ బురద అంటే, ఒక సంఖ్య కోసం. డేనియల్ డొనాటో బృందం 2011లో ఇండో-పసిఫిక్ మడ అడవులను కొలిచి హెక్టారుకు సగటున 1,023 టన్నుల కార్బన్ ఉందని తేల్చింది. అందులో 49 నుంచి 98 శాతం దాకా మట్టిలోనే ఉంది. అప్పటినుంచి ఏ మడ అడవి గురించి ఎవరు రాసినా ఆ 1,023 వచ్చి కూర్చుంటోంది. గోదావరికి అది నప్పదు. ఆ సగటులో వేర్లూ ఆకులూ కుళ్లి మీటర్ల మందాన పేరుకున్న పీట్ నేలలు కూడా ఉన్నాయి. ఇక్కడ నది మోసుకొచ్చిన ఒండ్రు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. ఎంత తక్కువో కోర్ తీస్తే తప్ప చెప్పలేం.

పాయ అంచు నుంచి లోపలికి అడ్డంగా ఒకే గీత మీద ఆరు ప్లాట్లు. ప్లాటుకూ ప్లాటుకూ 25 మీటర్లు, ఒక్కోదానికి 7 మీటర్ల వ్యాసార్ధం. గీతను నీటికి లంబంగా ఎందుకు వేస్తామంటే, పాయ ఒడ్డున రోజూ రెండుసార్లు కొత్త ఒండ్రు పడుతుంది, లోపల అది అరుదు. ఒడ్డు వెంబడే ఆరు ప్లాట్లూ వేస్తే అడవిని వదిలేసి ఒడ్డునే కొలిచినట్టు. నడక సులువని ఒడ్డు వెంబడి ప్లాట్లు పెట్టిన పనులు చాలానే కనిపిస్తాయి.

ముందు చెట్లు. 5 సెంటీమీటర్ల వ్యాసం పైబడిన కాండాలన్నిటికీ 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత. తెల్లమడ, నల్లమడ అయితే టేపు చుట్టి రాసుకోవడమే. ఉప్పుపొన్నకు ఊతవేర్లు తల ఎత్తు దాకా లేస్తాయి కాబట్టి అన్నిటికన్నా పైనున్న ఊతవేరుకు 30 సెంటీమీటర్ల పైన కొలవాలి. తిల్ల చెట్టు బెరడు గీరుకుంటే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. టేపు లాగేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుని, తాగే నీళ్లకు వేరుగా కళ్లు కడుక్కోవడానికి ఒక సీసా మంచినీళ్లు ఉంచుకోవాలి. బరువు లెక్కకు ఎక్కువమంది వాడేది కొమియామా బృందం 2005లో ఇచ్చిన సూత్రం: నేలపై బరువు = 0.251 × చెక్క సాంద్రత × వ్యాసం ఘాతం 2.46. ఆ ఘాతమే ప్రాణం తీసేది. 10 సెంటీమీటర్ల చెట్టును 11 అని రాసుకుంటే బరువు 26 శాతం పెరుగుతుంది. చుట్టుకొలత టేపునూ వ్యాసం టేపునూ కలగాపులగం చేస్తే ఇక చెప్పనే అక్కర్లేదు.

చెట్ల పని అయ్యేసరికి "ఆయ్, పాటు పట్టేసిందండి" అని పడవలోంచి కేక. బురద బయటపడుతోంది, శ్వాసవేర్లు గుచ్చిన పెన్సిళ్లలా పైకి తేలుతున్నాయి. చెప్పులు ఇక్కడ పనికిరావు, బురద పీక్కుంటుంది. ఒట్టి కాళ్లతో దిగితే ఆల్చిప్పలు కోస్తాయి. చీలమండ దాకా బిగించి కట్టే మందపాటి అడుగు ఉన్న రబ్బరు బూట్లు, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక చెక్క పలక ఉంటే చాలు. ఒడ్డున బావురుపిల్లి అడుగులు రెండు మూడు చోట్ల కనిపించాయి, దాన్ని మాత్రం చూడలేదు.

కోర్ తీసే చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పీత బొరియ ఉన్నచోట తీస్తే పై మట్టి, కింది మట్టి కలిసిపోయి వస్తాయి. లావు వేరు తగిలితే కోర్ తీసే గొట్టం పక్కకు జారుతుంది, లేదా వేరును ముందుకు నెట్టుకుంటూ కింది మట్టిని అణిచేస్తుంది. అలాంటప్పుడు బలం పెట్టకుండా అర మీటరు పక్కకు జరిగి మళ్లీ మొదలుపెట్టాలి. మనం నడిచిన చోట అసలు తీయకూడదు. పైనున్న ఆకులను చేత్తో ఏరాలే గాని ఊడ్చకూడదు, ఊడిస్తే పై సెంటీమీటరు కూడా పోతుంది. అన్నిటికన్నా కొత్త కార్బన్ అందులోనే ఉంటుంది.

మేం వాడింది ఒక పక్క తెరిచి ఉండే మీటరు పొడవు అర్ధగొట్టం, లోపలి వ్యాసం 6 సెంటీమీటర్లు. ఇద్దరు నిటారుగా, నెమ్మదిగా దించుతారు. దించేటప్పుడు తిప్పకూడదు. అడుగు తగిలాక ఒక పూర్తి చుట్టు తిప్పితే మట్టి కోసుకుని గొట్టంలో నిలుస్తుంది. తర్వాత కొద్దికొద్దిగా తిప్పుతూ పైకి లాగాలి. ఒక్కసారిగా లాగితే కింద ఏర్పడే శూన్యం అడుగు 20 సెంటీమీటర్లను తిరిగి పీల్చేసుకుంటుంది. బయటికి వచ్చాక తెరిచిన ముఖాన్ని కత్తితో అడ్డంగా గీరి శుభ్రం చేస్తాం. నిలువుగా గీరితే పై పొర నలుపు కింది పొరంతా పులుముకుంటుంది.

చాలాచోట్ల ఖర్చు తక్కువని పీవీసీ గొట్టం దిగ్గొడతారు. తప్పేం లేదు, కాని మట్టి నొక్కుకుపోతుంది. గొట్టం మీటరు దిగితే లోపల 82 సెంటీమీటర్ల మట్టే కనిపించవచ్చు. అప్పుడు గొట్టం తీయకముందే లోపలి మట్టం ఎంత దిగిందో, బయటి నేల ఎక్కడుందో రెండూ కొలిచి రాసుకోవాలి, తీశాక ఆ లెక్క మళ్లీ దొరకదు. 0.82తో అన్ని పొరలనూ సమానంగా సాగదీయడం రివాజు. నిజానికి మెత్తటి పై పొర ఎక్కువ నొక్కుకుంటుంది, కింది జిగురు మట్టి తక్కువ. ప్రతి 20 సెంటీమీటర్లకూ ఆగి కొలిస్తే ఈ తప్పు చాలావరకు దారికొస్తుంది.

కోర్‌ను 0–15, 15–30, 30–50, 50–100 సెంటీమీటర్ల పొరలుగా చూసి, ఒక్కోదాని నడుమ నుంచి 5 సెంటీమీటర్ల ముక్క కోస్తాం. మన గొట్టంలో ఆ ముక్క ఘనపరిమాణం 70.7 ఘన సెంటీమీటర్లు. ఇక్కడే లెక్కంతా ఉంది. పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములు, కార్బన్ 1.5 శాతం అనుకుందాం. మీటరు లోతుకు 0.9 × 1.5 × 100 చేస్తే హెక్టారుకు 135 టన్నులు. ముక్కను 5కు బదులు 5.5 సెంటీమీటర్లు కోసి 5 అని రాస్తే సాంద్రత పది శాతం పెరుగుతుంది, హెక్టారుకు 13.5 టన్నులు గాలిలోంచి పుడతాయి. ఎన్ని లక్షల పరికరం తెచ్చినా ప్రయోగశాల దీన్ని పట్టుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, చెమట కళ్లలో పడుతుండగా స్కేలు సరిగ్గా పట్టుకున్నామా లేదా అన్నదే ఆ 13.5 టన్నులు. అందుకే కత్తికి బదులు 5 సెంటీమీటర్ల దూరంలో రెండు బ్లేడ్లు బిగించిన చెక్క పట్టీ వాడతాం.

సంచికి, పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల ఒకటి, బయట ఒకటి. బాల్ పెన్ను సిరా బురదలో చెరిగిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మంచి గుర్తే, గాలి తగలని మట్టి చేతికొచ్చిందన్నమాట. గాలి బయటికి నొక్కి, మూతి కట్టి, వెంటనే మంచు పెట్టెలో పెట్టాలి.

నాలుగో ప్లాటులో 60 సెంటీమీటర్ల దగ్గర వేలెడు మందాన ఇసుక పొర తగిలింది. కోరంగి రేవును దెబ్బతీసిన 1789, 1839 తుఫానులు వెంటనే గుర్తుకొస్తాయి. పొర చూసి ఏడాది చెప్పకూడదు. పాయ దారి మార్చుకున్నా అలాంటి ఇసుకే పడుతుంది. రేడియోధార్మిక సీసం-210తో తేదీ కట్టవచ్చు గాని దాని అర్ధాయువు 22.3 ఏళ్లు, నూరేళ్లు దాటాక సంకేతం మసకబారుతుంది. పైగా పీతలు పై పదీ పదిహేను సెంటీమీటర్లను కలిపేస్తే ఆ భాగంలో సంకేతం చదునుగా ఉండి, ఒండ్రు అసలు కన్నా త్వరగా పేరుకుంటున్నట్టు చూపిస్తుంది.

ఆ వేగం తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గిపోయింది. 1971–79లో ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నులు వచ్చేది, 1990–98 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని 2004లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. మిగతాది ఆనకట్టల వెనక ఆగింది. ఇటు సముద్రం లేస్తోంది. నీల్ సెంటిలాన్ బృందం 2020లో పాత మడ అడవుల అవశేషాలు చూసి, సముద్ర మట్టం ఏటా సుమారు 6 మిల్లీమీటర్ల వేగం దాటితే మడ అడవి దానికి సమంగా నేలను పెంచుకోలేదని చెప్పింది. పీట్ నేల తన వేర్లతోనే ఎత్తు పెంచుకోగలదు. ఒండ్రు మీద బతికే అడవికి నది చేయి వదిలితే ఆ దారి ఇరుకు.

నమూనాలు ప్రయోగశాలకు చేరాక జరిగే పొరపాట్ల గురించి పడవలోనే మాటలు నడిచాయి. ముక్కలను 60 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టాలి, రెండు మూడు రోజులు పడుతుంది. మామూలు భూసార పరీక్షల్లో వాడే వాక్లీ-బ్లాక్ పద్ధతి ఇక్కడ మోసం చేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్, మట్టిలోని సల్ఫైడ్ కూడా, కార్బన్‌ను కొలవడానికి వేసే రసాయనం డైక్రోమేట్‌ను తినేస్తాయి కాబట్టి లేని కార్బన్ కనిపిస్తుంది. ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలిపితే క్లోరైడ్ బెడద తగ్గుతుంది, సల్ఫైడ్ బెడద ఉండనే ఉంటుంది. కాల్చి తూచే పద్ధతి చవక. కాని గోదావరి దక్కన్ నల్లరేగడి నుంచి తెచ్చే బంకమన్ను పొరల మధ్య నీరు పట్టి ఉంచుతుంది, కొలిమిలో అదీ పోతుంది. 550 డిగ్రీలకు పోకుండా 450 దగ్గర ఆపి, కొన్ని నమూనాలను కార్బన్‌ను నేరుగా కొలిచే ఎలిమెంటల్ ఎనలైజర్ యంత్రంలో కూడా చూసి రెండిటి సంబంధం కట్టుకోవాలి. గవ్వ ముక్కల్లోని కార్బొనేట్‌ను ముందే ఆమ్లంతో తీసేయాలి. ఇక ఉప్పు: 70 ఘన సెంటీమీటర్ల ముక్కలో దాదాపు 46 గ్రాముల నీరుంటుంది. అది కిలోకు 30 గ్రాముల ఉప్పదనం ఉన్నదైతే, ఆరాక 1.4 గ్రాముల ఉప్పు మట్టి బరువులో కలుస్తుంది, సుమారు రెండు శాతం. చిన్నదే, కాని ఎప్పుడూ ఒకే వైపు మొగ్గే తప్పు.

ఐదో ప్లాటులో మూడో కోర్ లాగుతుండగా పాయ ఎదురు పారడం మొదలైంది. పోటు ముందు చిన్న కాల్వలను నింపుతుంది, వెనక్కి వెళ్లే దారి తెగేదాకా మన ఎదుట నీరు కనిపించదు. మంచు పెట్టెలు పడవలోకి చేర్చి, గొట్టాన్ని పాయ నీళ్లలోనే కడిగి, బయల్దేరాం. ఐదో ప్లాటు పక్కనే, సగం సమయంలో ఆరోదాని పేరున ఒక కోర్ తీసుకోవచ్చు, పుస్తకంలో గడి నిండుతుంది. నింపలేదు. ఆరు గడుల్లో ఐదు నిండాయి, ఆరోదాని ఎదురుగా "పోటు, తీయలేదు" అని పెన్సిల్‌తో రాసి ఉంది.