లోట్కా పట్టిక వేసే ముందు ఇంటిపేర్లు సరిచూడండి

బెంగళూరులోనో చెన్నైలోనో లైబ్రరీ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తూ, ఏదో ఒక పత్రికలో ఎవరు ఎన్ని పేపర్లు రాశారో లెక్కగడుతున్న తెలుగువాళ్ల కోసం ఇది. ఒక్క పేపరు రాసినవాళ్లు ఎందరు, రెండు రాసినవాళ్లు ఎందరు అని వరుసగా చూపేదే లోట్కా పట్టిక. పరిశోధనా పేపర్ల డేటాబేస్ స్కోపస్ నుంచి సీఎస్‌వీ ఫైలు దించుకుని ఎక్సెల్‌లో పివట్ వేస్తే కాసేపట్లో పట్టిక వచ్చేస్తుంది. పేర్లు శుభ్రం చేయకుండా మాత్రం దాన్ని నమ్మకండి.

మన ఇంటిపేరు ముందుంటుంది. డేటాబేస్ చివరి మాటను ఇంటిపేరనుకుంటుంది. కొండపల్లి శ్రీనివాసరావు అనే ఆయన ఆరు పేపర్లు రాస్తే నాలుగు 'రావు కె.ఎస్.' కింద, ఒకటి 'శ్రీనివాసరావు కె.' కింద, ఇంకొకటి 'కొండపల్లి ఎస్.ఆర్.' కింద పడతాయి. అంటే లేని రచయితలు ఇద్దరు పుట్టుకొచ్చారు, ఇద్దరివీ ఒక్కో పేపరే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళలదీ ఇదే తిప్పలు. 'రెడ్డి ఎస్.' దగ్గర కథ తిరగబడుతుంది: నలుగురు మనుషులు ఒకే పేరు కింద చేరి పట్టికలో పైకెక్కుతారు.

దీనివల్ల ఫలితమే మారిపోతుంది. లోట్కా సూత్రం ప్రకారం n పేపర్లు రాసినవాళ్ల సంఖ్య 1/nᵃ నిష్పత్తిలో తగ్గుతుంది; ఆ a యే ఘాతాంకం. అది 2 అయితే ఒక్క పేపరే రాసినవాళ్లు 60.79 శాతం ఉండాలి. మీ పట్టికలో 400 మంది, వాళ్లలో ఒక్క పేపరువాళ్లు 288 మంది అనుకుందాం. అది 72 శాతం, తేడా 0.112. పట్టికకూ సూత్రానికీ మధ్య అతి పెద్ద తేడా హద్దు దాటిందా అని చూసే కోల్మొగొరోవ్-స్మిర్నోవ్ పరీక్షలో 0.01 స్థాయికి హద్దు 1.63ను √400తో భాగిస్తే 0.0815. కాబట్టి లోట్కా సూత్రం వర్తించదని రాసేస్తారు. ఆ 288లో 40 పేర్లు, పట్టికలో వేరే చోట ఎక్కువ పేపర్లున్నవాళ్లవేనని తేలితే? 360 మందిలో 248, అంటే 68.9 శాతం. తేడా 0.081, హద్దు 0.0859. పెద్ద తేడా ఈ మొదటి వరుసలోనే ఉంటే సూత్రం వర్తించినట్టే.

శుభ్రం చేయడానికి ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అసలు పేరున్న గడిని ముట్టుకోకుండా పక్కన కొత్త గడి పెట్టుకోండి. ఫింగర్‌ప్రింట్ పద్ధతి మాటల వరుస మారిన పేర్లను కలుపుతుంది. ఎన్-గ్రామ్ ఫింగర్‌ప్రింట్ 'శ్రీనివాస రావు', 'శ్రీనివాసరావు'లను కలుపుతుంది. పొడి అక్షరాలు పూర్తి పేరుతో కలవాలంటే మాత్రం మనిషే చూడాలి: సంస్థ, ఈమెయిల్, తోటి రచయితలు. వీటిలో రెండు కలిస్తేనే కలపండి. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే ఆర్కిడ్ (ORCID) నంబరుంటే పని తేలిక, కానీ అది వచ్చిందే 2012లో, పాత పేపర్లకు చాలావాటికి ఉండదు.

తర్వాత లెక్క పద్ధతి. 1926లో లోట్కా ఉమ్మడి పేపర్లను ముఖ్య రచయిత ఒక్కరి ఖాతాలోనే వేశాడు. ఐదుగురు కలిసి రాసిన పేపరుకు మీరు ఐదుగురికీ తలా ఒకటి వేసి, వచ్చిన ఘాతాంకాన్ని ఆయన 2తో పోల్చడం సరికాదు. తలా 0.2 వేస్తే న్యాయంగానే ఉంటుంది గానీ, లోట్కా పట్టికకు పూర్ణసంఖ్యలు కావాలి. అందుకే పద్ధతి ఏదో థీసిస్‌లో స్పష్టంగా రాయండి. సంపాదకీయాలు, తప్పొప్పుల సవరణలు, పుస్తక సమీక్షలు ముందే తీసేయండి.

హెచ్-ఇండెక్స్ (h పేపర్లకు కనీసం h ఉల్లేఖనాలు చొప్పున వచ్చాయని చెప్పే అంకె) సంగతి వేరు. గూగుల్ స్కాలర్ అంకెనూ స్కోపస్ అంకెనూ ఒకే పట్టికలో కలపకండి, రెండూ లెక్కపెట్టే ఉల్లేఖనాలు వేరు.