ట్యూబు వెనక గీతలు కనిపించేదాకా: నా అనుభవం

పన్నెండు ట్యూబులు స్టాండులో వరసగా పెట్టి, వాటి వెనక గీతల కాగితం నిలబెట్టి చూశాను. గీతలు కనిపించింది ఒక్క ట్యూబులోంచే. అది డిస్టిల్డ్ వాటర్ పోసిన ట్యూబు. ఉత్త నీళ్లలో ఎర్ర రక్తకణాలు వాటంతటవే ఉబ్బి పగిలిపోతాయి కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేం. మిగతా పదకొండూ గులాబీ రంగులో మసకమసకగా అలాగే ఉన్నాయి. అప్పటికి ఆరోసారి.

నేను నేర్చుకుంటున్నది సీహెచ్50 పరీక్ష. రక్తంలో క్రిములను చంపే ప్రోటీన్ల గొలుసు ఒకటుంది, దాని పేరు కాంప్లిమెంట్ వ్యవస్థ. అది మొదటి నుంచి చివరిదాకా పనిచేస్తోందా లేదా అన్నది చెప్పే పరీక్ష ఇది. గొర్రె ఎర్రకణాలు తీసుకుని, వాటి మీదికి కుందేలులో తయారుచేసిన యాంటీబాడీని పట్టిస్తాం. ల్యాబులో దాన్ని హీమోలైసిన్ అంటాం. ఆ కణాలకు పరీక్షించాల్సిన మనిషి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవం, కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతాం. కాంప్లిమెంట్ పనిచేస్తే కణాలు పగిలి, హిమోగ్లోబిన్ బయటికొచ్చి, మసక నీరు తేట ఎరుపవుతుంది. సగం కణాలు పగలడానికి ఎంత సీరం పట్టిందో చూసి అంకె కడతాం. సగమే ఎందుకంటే, ఈ గ్రాఫు ఎస్ ఆకారంలో ఉంటుంది. రెండు చివర్లా సీరం పెంచినా తగ్గించినా పెద్ద తేడా రాదు. నడిమధ్యనే వాలు నిటారుగా ఉండి చిన్న తేడా కూడా తెలుస్తుంది.

పుస్తకంలో కాంప్లిమెంట్ గురించి చదవడం వేరు. పరీక్షల కోసం దాని ప్రోటీన్ల పేర్లు సి1, సి4, సి2, సి3, ఆపైన సి5 నుంచి సి9 దాకా బట్టీపట్టాను. సి4 వెళ్లి సి2కి ముందెందుకు కూర్చుందో ఎవరినీ అడగలేదు. నంబర్లు కనిపెట్టిన వరసలో ఇచ్చారని, పనిచేసే వరస తర్వాత బయటపడిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

నాలుగోసారి కూడా పోయాకే నా అనుమానమంతా హీమోలైసిన్ మీదికి వెళ్లింది. యాంటీబాడీ చాలడం లేదనుకుని ఐదోసారి రెండింతలు వేశాను, ఆరోసారి నాలుగింతలు. ట్యూబు వంచి చూస్తే అడుగున కణాలు ఎర్రటి పలుకులుగా గుంపుకట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని జారుతున్నాయి. పైన నీరు మాత్రం రంగే లేకుండా ఉంది. ఒక్క కణమూ పగల్లేదు. ఆ పలుకుల వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. యాంటీబాడీ శత్రువును చంపేస్తుందని చిన్నప్పటి నుంచి నా మనసులో ఒక బొమ్మ ఉండేది. అది చంపదు, పట్టుకుంటుంది, గుర్తుపెడుతుంది. కణానికి రంధ్రం చేసే పని ఇంకొకరిది. ఆ ఇంకొకరు నా ట్యూబుల్లోకి రావడం లేదు.

ఇదే విషయం 1895లో ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జూల్ బోర్డే పట్టుకున్నాడు. అప్పటికి ఆయన వయసు పాతికే. కలరా క్రిములను చంపగల సీరాన్ని 55 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ శక్తి పోయింది. అందులో ఏ టీకా వేయని జంతువు తాజా సీరం కొంచెం కలిపితే శక్తి తిరిగొచ్చింది. అంటే వేడికి నిలిచేది ఒకటి, వేడికి పాడయ్యేది ఒకటి, రెండూ కలిస్తేనే పని. నిలిచేది యాంటీబాడీ. పాడయ్యేదానికి తర్వాత పాల్ ఎర్లిష్ కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు. ఈ కృషికే బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ దక్కింది. మేం ఇప్పటికీ హీమోలైసిన్‌ను 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతాం, కుందేలు సొంత కాంప్లిమెంట్ పోయి యాంటీబాడీ ఒక్కటే మిగలాలని. రోజూ చేస్తున్న ఆ పనిలో ఇంత కథ ఉందని నాకు తట్టనేలేదు.

మా మేడమ్ నా నోట్‌బుక్ ఆసాంతం చదివి ఒకటే ప్రశ్న అడిగారు. "సీరం దేంతో పలచన చేశావమ్మా?"

"బఫర్‌తోనే మేడమ్." బఫర్ అంటే ఆమ్ల, క్షార గుణాలు మారకుండా నిలిపే ద్రావణం.

"ఏ బఫరో సీసా తీసుకురా."

ఫ్రిజ్‌లో ఒకేలాంటి సీసాలు రెండు ఉన్నాయి. ఒకటి కణాలు కడగడానికి, అందులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రెండోది సీరం పలచన చేయడానికి, అందులో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. తడి తగిలి లేబుళ్ల మీది సిరా అలుక్కుపోయింది. నేను తెచ్చింది మొదటిది. ఆరుసార్లూ దాన్నే వాడాను.

ఈడీటీఏ ఏం చేస్తుందో ఆ రోజు మేడమ్ కాగితం మీద గీసి చూపించారు. యాంటీబాడీని వెతికి పట్టుకునేది సి1క్యూ. ఆరు కాడలు, ఆరు తలలతో పూలగుత్తిలా ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని సి1ఆర్, సి1ఎస్ అనే ఎంజైములు ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి ఉంచేది కాల్షియం. అది లేకపోతే సి1 విడివిడి ముక్కలైపోతుంది. తర్వాతి మెట్టులో సి2 వచ్చి సి4 ముక్క మీద కూర్చోవాలంటే మెగ్నీషియం కావాలి. ఈడీటీఏ ఆ రెంటినీ లాగేసుకుంటుంది. నా ట్యూబుల్లో యాంటీబాడీ ఉంది, కాంప్లిమెంట్ ప్రోటీన్లన్నీ ఉన్నాయి, వాటిని కలిపే పిడికెడు లవణమే లేదు.

ఏడోసారి సరైన బఫర్ పోసి వాటర్‌బాత్ పక్కనే నిలబడ్డాను. కొన్ని నిమిషాలు ఏ మార్పూ లేదు. తర్వాత సీరం ఎక్కువ ఉన్న ట్యూబును మెల్లగా కదిపితే గులాబీ మసకలో ముదురు ఎరుపు తీగలు సాగాయి. మరి కాసేపటికి ఆ ట్యూబు వెనక కాగితం గీతలు ఒక్కొక్కటే తేలాయి, ముందు పలచగా, తర్వాత స్పష్టంగా. ఆ క్షణంలో ఒక్కో కణం పొర మీదా సి5బి అనే సి5 ముక్క, సి6, సి7, సి8 ఒకటి మీద ఒకటి చేరి, చుట్టూ సి9లు గుండ్రంగా కట్టుకుని, సుమారు 10 నానోమీటర్ల రంధ్రాలు పడుతున్నాయి. కంటికి ఆనని ఆ రంధ్రాల ఫలితం నా చేతిలో రంగై కనిపించింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత అంకెలు నిలకడగా రావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. కాంప్లిమెంట్ చాలా సున్నితం. సీరాన్ని బల్ల మీద వదిలేసి మరోపని చూసుకుని వస్తే విలువ పడిపోతుంది, పదేపదే గడ్డకట్టించి కరిగించినా అంతే. మైనస్ 80 డిగ్రీల్లో చిన్నచిన్న భాగాలుగా దాచడం, ఐసు మీదే కరిగించడం, ప్రతి విడతలోనూ పోల్చుకోవడానికి ఆరోగ్యవంతుల సీరం ఒకటి కంట్రోల్‌గా పక్కన నడపడం అలవాటయ్యాయి. ఈ చివరిది తప్పనిసరి. అది లేకుండా సున్నా అని రిపోర్టు రాయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఆ సున్నా నిజంగానే వచ్చింది. మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల రెండుసార్లు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చిన ఒకరి నమూనా అది. సి3, సి4 పరిమాణాలు మామూలుగానే ఉన్నాయి. నా పరీక్షలో మాత్రం గీతలు కనిపించలేదు. ముందు నా చేతినే అనుమానించాను. బఫర్ చూశాను, పక్కనున్న కంట్రోల్ సీరం చూశాను. కంట్రోల్ తేటగా ఉంది. కొత్త రక్తం అడిగి, ఐసులో తెప్పించి మళ్లీ చేశాను. మళ్లీ మసకే.

మేడమ్ రెండో దారి కూడా చూడమన్నారు. కాంప్లిమెంట్‌కు యాంటీబాడీ అక్కర్లేని ఆల్టర్నేటివ్ మార్గం ఒకటుంది. దానికి కుందేలు ఎర్రకణాలు వాడతాం, బఫర్‌లో మెగ్నీషియం ఉంచి కాల్షియాన్ని మాత్రం ఈజీటీఏ అనే మరో రసాయనంతో పట్టేస్తాం. అలా సి1 దారి మూసుకుపోతుంది, రెండోది తెరిచి ఉంటుంది. నన్ను ఆరుసార్లు ఆపిన సంగతే ఇక్కడ పనిముట్టయింది. అందులోనూ సున్నా. రెండు దారులూ ఆగాయంటే లోపం అవి కలిసిన తర్వాతే ఉండాలి. సి3 మామూలుగానే ఉంది. సి9 లేకపోయినా కణాలు నెమ్మదిగా కొంత పగులుతాయి. ఇక మిగిలినవి సి5, సి6, సి7, సి8. ఈ చివరి ప్రోటీన్లలో ఏది లేకున్నా మెనింగోకాకస్ మళ్లీమళ్లీ దాడిచేసే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఆ క్రిమిని చంపడంలో ఈ రంధ్రాల పాత్ర చాలా పెద్దది.

నాలుగు ట్యూబుల్లో అదే సీరం, అవే కణాలు పోసి, ఒక్కోదానికి ఒక్కో శుద్ధ ప్రోటీన్ కొద్దిగా చేర్చాను. వాటి వెనక గీతల కాగితం నిలబెట్టాను. సి5 వేసింది మసక. సి7, సి8 కూడా మసకే. సి6 వేసిన ట్యూబులో ఎర్ర తీగలు సాగి, వెనక గీతలు తేలాయి. మేడమ్‌ను పిలిచాను. ఆవిడ ట్యూబును పైకెత్తి వెలుతురులో చూసి, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేశారు: మెనింగోకాకల్ టీకాలు వేయించాలి, జ్వరం వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు, తోబుట్టువుల నమూనాలు కూడా పంపించాలి. ఆవిడ మాట్లాడుతుండగానే నేను తర్వాతి విడతకు ఐసు నింపాను.