హెర్నియా ఆపరేషన్‌కని వెళ్తే సిగరెట్ మానిపించారు

కుట్లు విప్పి వారం కూడా కాలేదు. షాపుకి పోవద్దన్నారు. ఇంట్లో కూర్చుంటే పొద్దుపోవడం లేదు, కోపం కూడా ఇంకా పూర్తిగా దిగలేదు. అందుకే రాస్తున్నా.

నాకు 54. ఒంగోల్లో ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ షాపు. డిగ్రీ రోజుల నుంచీ సిగరెట్టే, ఈమధ్య రోజుకి పెట్టె దాటేది. గజ్జల్లో హెర్నియా దిగితే సర్జన్ చూసి మెష్ (లోపల కుట్టే జాలీ) వెయ్యాలన్నాడు. స్కానింగు, రక్తపరీక్షలు, ఈసీజీ ఒక్క పూటలో అయిపోయాయి. ఇక మత్తు డాక్టర్ ఫిట్‌నెస్ రాయడమే మిగిలింది.

ఆయన స్టెత్ పెట్టి ఒకసారి దగ్గమన్నాడు. మొదలుపెట్టాక ఆపమన్నా ఆగలేదు నాకు. కాగితం మీద సంతకం పెట్టకుండా పక్కకి జరిపి, "ముందు సిగరెట్ మానండి. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర పీఎఫ్‌టీ చేయించుకోండి. నెల మానాక రండి" అన్నాడు. దగ్గు ఇలాగే ఉంటే వేసిన మెష్ పక్కనే మళ్లీ జారొచ్చట. పొగ తాగే ఒంటికి కోత తొందరగా మానదట. మత్తులో ఉండగా కళ్లె అడ్డం పడితే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువట. అన్నీ నిజాలే, కాదనను. కానీ ఎలా మానాలో ఒక్క ముక్క చెప్పలేదు. నా గొడవంతా ఇక్కడే.

ఇక పీఎఫ్‌టీ. ఊపిరితిత్తుల్లో గాలి ఎంత పడుతుంది, ఎంత వేగంగా బయటికొస్తుంది అని కొలిచే పరీక్ష అది. ఊదడమే కదా అనుకుంటూ వెళ్లా. ఎందుకంటే నేను కాలేజీలో కబడ్డీ ఆడినవాణ్ని. మాటలు కాదు, జిల్లా టీంలో ఆడా. కూత మొదలెట్టి అవతలి కోర్టులోకి దిగితే ఇద్దర్ని తాకకుండా వెనక్కి వచ్చేవాణ్ని కాదు. ఆ ఊళ్లో ఇప్పటికీ నన్ను గుర్తుపట్టేవాళ్లున్నారు.

ఆ గది తలుపు సరిగ్గా పడదు. బయట బెంచీ మీద పదిమంది, వాళ్లలో మా అల్లుడు. నాకంటే ముందు లోపలికెళ్లిన ముసలావిడ, డెబ్భై దాటి ఉంటాయి, నిమిషాల్లో ఊదేసి చెంగు సర్దుకుంటూ బయటికొచ్చింది. టెక్నీషియన్ అమ్మాయి మా చిన్నదాని వయసు. ముక్కుకి క్లిప్పు పెట్టింది, నోట్లో అట్ట గొట్టం పెట్టింది. "అంకుల్, నిండుగా పీల్చి ఒక్కసారిగా గట్టిగా ఊదాలి. కనీసం ఆరు సెకన్లు ఆపకూడదు" అంది.

ఊదాను. మూడు సెకన్లకే దగ్గు ఎగదన్నింది. ఆ దగ్గుకి హెర్నియా బయటికి పొడుచుకొచ్చింది. "ఇది లెక్కలోకి రాదంకుల్, మళ్లీ." ఈసారి ఒక చెయ్యి గజ్జ దగ్గర అడ్డం పెట్టుకుని ఊదాను. "చెయ్యి తీసి నిటారుగా కూర్చోండి." తీస్తే అది జారుతుంది, తియ్యకపోతే ఈ అమ్మాయి ఒప్పుకోదు. ఆడపిల్లకి ఎలా చెప్పేది? మింగలేక కక్కలేక అలాగే ఊదాను. "ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా ఇంకా, ఆపొద్దు, అయ్యో ఆపేశారు!" పశువుల్ని అదిలించినట్టు ఆ కేకలు. నిజానికి ఆ పరీక్ష అలా అరిచే చేయించాలట, నాకది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కారిడార్ అంతా వింటోందన్న ధ్యాస తప్ప ఇంకోటి లేదు.

ఎన్నిసార్లు ఊదినా కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఆ అమ్మాయికి పాపం జాలేసినట్టుంది. స్క్రీన్ నా వైపు తిప్పి ఏదో నొక్కింది. వరసగా కొవ్వొత్తులు వెలిగాయి. "ఇవి ఆర్పండంకుల్. చిన్నపిల్లలకి పెడతాం, మీకూ తేలిగ్గా ఉంటుంది." జిల్లా టీంలో ఆడినవాణ్ని కొవ్వొత్తులు ఆర్పమంది. ముందు వరసవి ఆరాయి, వెనకవి మిణుకుమంటూనే ఉన్నాయి. అదే సమయానికి మా అల్లుడు తలుపు తోసి, "మామయ్యా, మంచినీళ్లు కావాలా?" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి అతని ఎదురుగా నేను సిగరెట్ వెలిగించి ఎరగను, ఆ మర్యాద అలా కాపాడుకుంటూ వచ్చాను. ఆ రోజు నోట్లో అట్ట గొట్టం, ముక్కుకి క్లిప్పు, కళ్లల్లో నీళ్లు, గజ్జ మీద చెయ్యి. అంతకంటే పరువు ఎక్కడ పోతుంది?

తర్వాత ఇన్‌హేలర్ మందు పఫ్‌లు పీల్పించి, పావుగంట కూర్చోబెట్టి, మళ్లీ అంతా మొదటి నుంచి ఊదించింది. మందుతో గొట్టాలు విచ్చుకుంటాయా లేదా అని చూడటానికట. ఆస్తమా అయితే బాగా విచ్చుకుంటాయి. నావి అంతంతమాత్రం.

రిపోర్టులో మొదటి సెకనులో ఊదిన గాలి, నా వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దాంట్లో 64 శాతం. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనుది ఎంత అని ఇంకో లెక్క ఉంది. మందు పీల్చాక కూడా అది 0.70 కంటే తక్కువుంటే సీఓపీడీ అంటారు, ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు. నాది 0.61. కింద ఇంకో వరస, లంగ్ ఏజ్ 79 అని. మా నాన్నకి 77. కొండపి దగ్గర ఆయనకి బ్యారన్, అంటే పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్టం, ఉండేది, నలభై ఏళ్లు పొగాకు పండించాడు. ఒక్క చుట్ట కూడా తాగలేదు. "అమ్ముకునే సరుకురా అది" అనేవాడు.

ఊపిరితిత్తుల డాక్టర్ మంచాయనే. గాలిసంచుల గోడలు చిరిగినవి చిరిగినట్టే, తిరిగి అతకవన్నాడు. వయసుతో పాటు అందరికీ ఊపిరి కొద్దికొద్దిగా తగ్గుతుంది, తాగేవాళ్లకి వేగంగా తగ్గుతుంది, ఇవాళ మానితే ఆ వేగం మళ్లీ మామూలుకి దగ్గరగా వస్తుందన్నాడు. గుండె సంగతి కొంత నయం, ఏడాది మానితే గుండెపోటు ముప్పు తాగేవాళ్లతో పోలిస్తే సగానికి పడిపోతుందట. రోజుకోసారి పీల్చే ఇన్‌హేలర్ రాశాడు. "మరి మానడం ఎలా సార్?" అంటే కింద కౌన్సెలింగ్ గదికి పంపాడు.

ఆ గదిలో కూర్చున్నాయన నా రిపోర్టు కూడా చూడలేదు. ప్యాకేజీ కార్డు ముందు పెట్టాడు. సిల్వర్, గోల్డ్ అట. గోల్డ్‌లో మ్యూజిక్ థెరపీ, చెవి దగ్గర ఏదో పాయింట్ నొక్కడం, ఒక పుస్తకం. నోటి క్యాన్సర్ ఫొటోలు చూపించి "ఇలా అవ్వాలనుందా?" అన్నాడు. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర అలాంటి బొమ్మలే 2016 నుంచీ చూస్తున్నానయ్యా, వాటితో మానేవాణ్నయితే నీ దగ్గరికెందుకొస్తాను? లేచొచ్చేశా. రోగి భయంలో ఉన్నప్పుడు జేబులో చెయ్యి పెట్టేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు.

నాకు దారి దొరికింది చివరికి ఆ పెట్టె మీదే. 1800-11-2356 అని నంబరు ఉంటుంది, 2018 సెప్టెంబరు నుంచి ముద్రిస్తున్నారు. టోల్ ఫ్రీ. తెలుగు కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆసుపత్రి) వాళ్లు మాట్లాడారు. ఆశ్చర్యం ఏంటంటే ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి ఒక్క నీతి కూడా చెప్పలేదు. లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, ఏ వేళల్లో తప్పనిసరి, ఇంట్లో ఎవరికి చెప్పారు, ఇవే ప్రశ్నలు. మానే రోజు ఒకటి అనుకోమంది. మా ఆవిడ అమావాస్య వెళ్లాక పెట్టుకోండి అంది, అలాగే పెట్టుకున్నా. ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కున్నారు. ఇంత మంచి నంబరు మన టీ కొట్ల దగ్గర ఎంతమందికి కనిపిస్తుంది? అందరూ కొనేది విడి సిగరెట్లు. పెట్టె బంకువాడి దగ్గరే ఉండిపోతుంది, దాని మీది బొమ్మా నంబరూ రెండూ వాడికే.

సిగరెట్ యావ తగ్గడానికి నమిలే నికోటిన్ గమ్ దగ్గర మెడికల్ షాపువాడు ఇంకో తిప్పలు పెట్టాడు. లేవగానే అరగంట లోపల వెలిగించేవాళ్లకి 4 మిల్లీగ్రాములది కావాలి, డాక్టర్ అదే రాశాడు. వీడు 2 ఇచ్చి "రెండు వేసుకోండి, అదే ఇదీ" అన్నాడు. ఎలా నమలాలో చెప్పనే లేదు. బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే నోరు మంట, వెక్కిళ్లు, కడుపులో తిప్పడం. ఫోన్‌లో ఆ అమ్మాయి చెప్పింది: నెమ్మదిగా నమలాలి, నాలిక మీద మిరియాల ఘాటు తగలగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమలాలి, ఇలా అరగంట. నమిలే ముందు పావుగంట కాఫీ, టీ ముట్టకూడదు, తాగితే నికోటిన్ ఒంటికి పట్టదు.

మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లోవాళ్లకి నరకం చూపించాను. ఆ యావ వచ్చినప్పుడు కొన్ని నిమిషాలు ఓపిక పడితే దానంతటదే తగ్గుతుంది, అది మాత్రం ముమ్మాటికీ నిజం. ఎవరూ చెప్పని రెండు సంగతులు చెబుతా. ఒకటి, మలబద్ధకం. సిగరెట్ లేకపోతే పొద్దున్నే పని జరగదు, కంగారుపడకండి, నీళ్లూ అరటిపండూ తీసుకుంటే వారాల్లో సర్దుకుంటుంది. రెండోది కాఫీ. పొగ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా విరిగిపోతుంది. మానేశాక అన్నే కప్పులు తాగితే గుండె దడ, నిద్ర పట్టదు, ఊరికే టెన్షన్. అది సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని చాలామంది మళ్లీ వెలిగిస్తారు. కాఫీ సగానికి తగ్గించండి. మానిన కొత్తలో దగ్గు పెరిగితే అదీ మామూలేనన్నాడు డాక్టర్.

బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు ఈ-సిగరెట్ తెచ్చిపెడతానన్నాడు. 2019లోనే దేశంలో నిషేధించారురా అంటే నవ్వాడు. ఆయుర్వేద సిగరెట్లట ఇంకొకడు. ఏ ఆకు కాల్చినా పొగ పొగే.

టీ కొట్టు దగ్గరి మా బ్యాచ్ సంగతి అడక్కండి. "మా తాత తొంభై ఏళ్లు చుట్ట తాగి బతికాడు" అనేవాడు ప్రతి కొట్టు దగ్గరా ఒకడుంటాడు. మా ఆవిడ అమ్మమ్మది శ్రీకాకుళం వైపు. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు లేచి, అది క్యాన్సరై, అన్నం మింగలేక పోయింది. ఆవిడ సంగతి ఆ కొట్టు దగ్గర ఎవడూ ఎత్తడు. బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే 200 రూపాయల వరకు జరిమానా అని 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమలు చేస్తామన్నారు. ఒంగోలు బస్టాండు దగ్గర ఒక్కడికి రాయగా నేను చూడలేదు. గుంటూరులో పొగాకు సాగు, అమ్మకాలు చూసే సర్కారు పొగాకు బోర్డు 1976 నుంచీ ఉంది, అటు మానమని ఫోన్ నంబరూ సర్కారుదే. నా కాలేజీ ఫీజులు బ్యారన్ డబ్బులే కాబట్టి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

గడువు అయ్యాక మత్తు డాక్టర్ ఛాతీ విని, సరే అని సంతకం పెట్టాడు. నడుముకి మత్తిచ్చి చేశారు, ఆపరేషన్ ఇబ్బంది లేకుండా అయిపోయింది. పీఎఫ్‌టీ బిల్లులో రెండుసార్లు వేసిన చార్జీ గురించి మాత్రం మా అల్లుడు ఇంకా వాళ్లతో తిరుగుతున్నాడు. గమ్ మెల్లగా తగ్గిస్తున్నా, మూడు నెలల్లో మానెయ్యొచ్చన్నారు. ఒళ్లు కాస్త వచ్చింది. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి షాపులో కుర్రాడు ఎత్తుతున్నాడు.