కర్నూలు, కేరళ, సింగ్ నగర్

2009లో కర్నూలు మునిగినప్పుడు టీవీకి అతుక్కుపోవడం తప్ప ఏం చేయలేకపోయాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడినప్పుడు సింగ్ నగర్‌లో పిన్నివాళ్ల వీధిని ఫోన్‌లోనే చూశాను. డ్రోన్లతో ఆహారం ప్యాకెట్లు దించారు, ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. కాదనను. కానీ మెయిన్ రోడ్డు మీద పులిహోర పొట్లాలు గుట్టలుగా పడి ఉంటే, లోపలి సందుల్లో పాల ప్యాకెట్‌కి కూడా దిక్కులేదు. "అన్నం సంగతి తర్వాత, తాగడానికి నీళ్లు పంపించరా" అంది పిన్ని.

2018 వరదలప్పటి కేరళ మత్స్యకారులు గుర్తొచ్చారు. పడవల్ని లారీలకెక్కించుకుని ఊళ్లలోకి వచ్చేశారు. ప్రభుత్వం పడవకు రోజుకు 3,000 రూపాయలు ఇస్తామంటే కొందరు వద్దన్నారు కూడా. మన దగ్గరా కుర్రాళ్లు ట్రాక్టర్లు వేసుకుని వచ్చారు, పాపం. ఏ సందులోకి వెళ్లాలో చెప్పే నాథుడే లేడు!

తర్వాత నీట మునిగిన నేల అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయల సాయం ప్రకటించారు. నాకు మాత్రం ఇళ్లలో బురద కడగడానికి ఫైరింజన్లు పంపడం నచ్చింది. ఆ బురద కంపు పిన్ని ఇంట్లో దసరా దాకా పోలేదు.