కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే బుస

"అన్నా, ఇక్కడొక ఢాం వెయ్యన్నా. జనం సీట్లలోంచి లేవాలి."

పోయిన నెల ఒక కుర్రాడు తన 14 నిమిషాల దెయ్యం షార్ట్ ఫిల్మ్ తెచ్చి నాతో అన్న మొదటి మాట ఇది. నేను చిన్న సినిమాలకి సౌండ్ ఎడిటింగ్ చేస్తాను. అతను తెచ్చిన కాపీలో అప్పటికే నాలుగు ఢాంలు ఉన్నాయి. పిల్లి దూకితే ఒకటి, కిటికీ రెక్క కొట్టుకుంటే ఒకటి, వదిన వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఒకటి, చివర్లో దెయ్యం మొహానికి ఒకటి. ఐదోది కుక్కర్ విజిల్‌కి కావాలట. హెడ్‌ఫోన్స్‌లో మొదటిదానికి గట్టిగా ఉలిక్కిపడ్డాను. రెండోదానికి రెప్ప మాత్రం పడింది. మూడోది వచ్చేసరికి నా వేలు వాల్యూమ్ బటన్ మీద ఉంది.

ఉలికిపాటు శరీరం చేసే పని, మన ఇష్టంతో జరగదు. ముందే బెదిరి ఉంటే చిన్న చప్పుడుకే ఎగిరిపడతాం. అదే చప్పుడు మళ్ళీ మళ్ళీ వింటే ఒళ్ళు పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే ఢాం కన్నా దాని ముందు ఏం వినిపించామన్నదే నాకు ముఖ్యం.

ఉత్తుత్తి భయాలు వద్దని కాదు. నాకవి చాలా ఇష్టం. ఆ రాత్రి అతన్ని కూర్చోబెట్టి 1942 నాటి 'క్యాట్ పీపుల్' చూపించాను. దర్శకుడు జాక్ టూర్నర్, నిర్మాత వాల్ ల్యూటన్. చిరుతగా మారిపోతానని భయపడే ఐరీనా, తన భర్తతో కలిసి పనిచేసే ఆలిస్‌ని రాత్రిపూట వెంబడిస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ గోడ పక్కన నడక. మ్యూజిక్ లేదు. రెండు జతల చెప్పుల టక్ టక్, అంతే. దీపం వెలుగు, చీకటి, మళ్ళీ వెలుగు. ఉన్నట్టుండి ఒక జత చప్పుడు ఆగిపోతుంది. వెంటపడుతున్న అడుగుల కన్నా అవి ఆగిపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆలిస్ వెనక్కి చూస్తుంది, ఎవరూ లేరు. నడక పరుగవుతుంది. అప్పుడు చెవి పక్కనే మృగం బుసకొట్టినట్టు ఒక చప్పుడు. ఫ్రేమ్‌లోకి దూసుకొచ్చి ఆగింది సిటీ బస్సు! బ్రేకుల గాలి చప్పుడది. ఎడిటర్ మార్క్ రాబ్సన్ పనితనం. ఇలాంటి దడుపుకి 'ల్యూటన్ బస్' అనే పేరే ఉండిపోయింది.

కుర్రాడు ఎగిరిపడ్డాడు. కానీ నేను చూపించాలనుకున్నది ఆ తర్వాతిది. బస్సెక్కబోతూ ఆలిస్ చూసేసరికి గోడ మీద చెట్టు కొమ్మలు కదులుతుంటాయి. కాసేపటికి అదే పార్కులో గొర్రెలు చచ్చిపడి ఉంటాయి. మృగం అడుగుజాడలు పోనుపోనూ ఆడవాళ్ళ చెప్పుల జాడలవుతాయి. ఇప్పుడు చెప్పండి, ఆ భయం ఉత్తదేనా? పిల్లి దూకితే "ఓస్, పిల్లేనా" అని మర్చిపోతాం. బస్సుని అలా మర్చిపోలేం.

1975లో వచ్చిన సొరచేప సినిమా 'జాస్'లోనూ ఇంతే శ్రద్ధ ఉంది. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప రెక్కతో జనాన్ని బెదరగొట్టేటప్పుడు జాన్ విలియమ్స్ మ్యూజిక్ వినపడదు. ఆ మ్యూజిక్ ఉంటేనే సొరచేప వస్తుందని చెవి నమ్ముతుంది. తర్వాత పోలీస్ చీఫ్ బ్రాడీ పడవలోంచి ఎర చల్లుతుంటే, ఏ మ్యూజిక్కూ లేకుండా సొర తల పైకి లేస్తుంది.

మర్నాడు మా ఇంట్లోనే కుక్కర్ పెట్టి రికార్డు చేశాం. విజిల్‌కి ముందు వెయిట్ కిందనుంచి సన్నగా బుస మొదలవుతుంది, వెయిట్ కాస్త ఊగుతుంది. సినిమాలో హీరోయిన్, అంటే ఆ ఇంటి కోడలు, స్టవ్‌కి వీపు పెట్టి నిలబడిన దగ్గర్నుంచి 11 సెకన్లు ఆ బుసనే పరిచాను. ఫ్రిజ్ చప్పుడు, ఫ్యాన్ చప్పుడు మెల్లగా తీసేశాను. ఆ తర్వాత ఉత్త విజిల్, దాని మీద ఏ ఢామూ లేదు. విజిల్ ఆగాక ఆరు సెకన్లు ఖాళీ.

"చచ్చిపోయినట్టుందన్నా సీను."

"ఊపిరి వదలనీ తమ్ముడూ."

పిల్లికీ, కిటికీకీ, వదినకీ వేసినవి తీసేశాం. చివర్లో దెయ్యం మొహాన్ని తీసెయ్యడానికి మాత్రం అతను రెండు రోజులు ఒప్పుకోలేదు. దాని బదులు ఇలా చేశాం. ఆమె మూడు విజిల్స్ లెక్కపెట్టి స్టవ్ కట్టేస్తుంది, హాల్లోకి వచ్చి పడుకుంటుంది. రెండు గోడల అవతల నుంచి, చిన్నగా, నాలుగో విజిల్. ఆమె లేచి కూర్చునే షాట్ ఎలాగూ ఉంది. అక్కడితో సినిమా అయిపోతుంది. మొత్తం సినిమాలో అన్నిటికన్నా తక్కువ వాల్యూమ్ దానిదే.

మిక్సింగ్ అయ్యాక అమ్మకి చూపించాను. మొదటి విజిల్‌కి ఉలిక్కిపడి, "ఓరి నీ!" అని నవ్వింది. తర్వాతి రెండూ పెదాలతో తనూ లెక్కపెట్టింది. నాలుగోది వినపడ్డాక నవ్వలేదు, నా వైపు చూడలేదు. వంటింటి వైపు చూసింది.

"ఒరేయ్, ఇందాక మన స్టవ్ కట్టేశానా?"