నిమిషానికి ఎన్ని ఊపిర్లు

తిరుపతి వెటర్నరీ కాలేజీలో నా తర్వాతి బ్యాచ్‌ల పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు: "అక్కా, ఆఫ్రికా వెళ్ళి ఖడ్గమృగాలకు వైద్యం చేశారట కదా, మేమూ వెళ్ళాలంటే ఏం చేయాలి?" ముందు ఒక మాట చెప్పాలి. నేను అక్కడ వైద్యం చేయలేదు. దక్షిణాఫ్రికా వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాని డాక్టరు ఆ దేశంలో ఏ జంతువుకూ సూది వేయకూడదు. మూడు వారాల ట్రైనింగ్‌లో నేను చేసిన పని ఒక్కటే. మత్తులో ఉన్న ఖడ్గమృగం ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అది నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాశాను. నా పదమూడేళ్ళ సర్వీసులో ఇంతకంటే ముఖ్యమైన పని నేర్చుకోలేదు.

వెళ్ళడానికి పడ్డ తిప్పలు క్లుప్తంగా చెప్తాను. మనం ప్రభుత్వ ఉద్యోగులం కాబట్టి విదేశాలకు పోవాలంటే ఎన్ఓసీ కావాలి. సెలవు నాదే, ఖర్చూ నాదే, అయినా ఫైలు కదలడానికి నాలుగు నెలలు పట్టింది. ట్రైనింగ్ ఫీజు, విమానం టికెట్ కలిపితే మా ఇంటికి పెద్ద మొత్తం. అమ్మ మారుమాట్లాడకుండా గాజులు తీసి ఇచ్చింది, బ్యాంకులో కుదువ పెట్టాం. వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆహ్వాన పత్రం, తిరుగు టికెట్ అన్నీ అడిగారు. పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి ప్రయాణం తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులు టెన్షన్‌తో నిద్ర లేదు. 2024 జులైలో హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా జోహన్నెస్‌బర్గ్ చేరాను. అక్కడి నుంచి జీపులో ఉత్తరాన లింపోపో రాష్ట్రానికి.

నేనున్న రిజర్వ్ (వన్యప్రాణుల రక్షిత అడవి) పేరు రాయను. గేటు దగ్గరే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు: పేరు చెప్పకూడదు, ఫోన్‌లో లొకేషన్ ఆపేయాలి, ఖడ్గమృగాల ఫోటోలు ఎక్కడా పెట్టకూడదు. ఒక్క ఫోటో చాలు, ఏ కొండ పక్కన తీశారో వేటగాళ్ళు పోల్చుకుంటారు. దక్షిణాఫ్రికాలో 2007లో వేటగాళ్ళు చంపిన ఖడ్గమృగాలు 13. 2014లో 1,215. నేను వెళ్ళిన ముందటేడు, అంటే 2023లో, 499. ఇదంతా కొమ్ము కోసం. ఆ కొమ్ము మన గోళ్ళలో, వెంట్రుకల్లో ఉండే కెరాటినే. ఎముక కూడా కాదు.

అందుకే ఇప్పుడు చాలా రిజర్వుల్లో కొమ్మును వాళ్ళే ముందుగా కోసేస్తున్నారు. మొదలు దగ్గర, పెరిగే భాగానికి పైన కోస్తే మన గోరు తీసినట్టే, నొప్పి ఉండదు. మళ్ళీ పెరుగుతుంది కాబట్టి ఏడాదిన్నర, రెండేళ్ళకోసారి కోయాలి. మాటల్లో ఇంత తేలిక. కానీ పదహారు, పదిహేడు వందల కిలోల జంతువును ప్రతిసారీ మత్తులో పడేసి, ప్రాణంతో తిరిగి లేపాలి.

మొదటి రోజు సాయంత్రం అక్కడి డాక్టరుగారు నన్ను అడిగారు, ఎందుకొచ్చావని. అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతారు. నేను చిరుత సంగతి చెప్పాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చులో ఒక ఆడ చిరుత పడింది. బైకు క్లచ్ వైరు నడుముకు బిగుసుకుపోయింది. ఊరంతా చుట్టూ మూగింది. మత్తు సూది తగిలింది, చిరుత ఒరిగింది, జనం చప్పట్లు కొట్టారు. వైరు కత్తిరించడం, జనాన్ని వెనక్కి నెట్టడం, బోనులోకి ఎక్కించడం, వీటిలో అందరం మునిగిపోయాం. బోను తలుపు వేశాక చూస్తే ఊపిరి లేదు. ఎప్పుడు ఆగిందో మాలో ఒక్కరికీ తెలియదు. పోస్ట్‌మార్టం రిపోర్టు నేనే రాశాను. లోపలి గాయాలు, షాక్ అని రాశాను, అవి నిజమే. కానీ ఎన్ని గంటలకు పోయింది అన్న గడి ఖాళీగా వదిలేశాను.

ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున స్టాప్‌వాచ్, అట్టకు బిగించిన ఫారం నా చేతికిచ్చారు.

జులై అక్కడ చలికాలం. కొమ్ములు కోసే పని చలికాలంలోనే, అదీ పొద్దున్నే చేస్తారు. ఎండ పడితే మత్తులో ఉన్న జంతువుకు ఒళ్ళు కాలిపోతుంది, దానికదే చల్లబరుచుకోలేదు. అయిదున్నరకు మంచులో చేతులు రుద్దుకుంటూ జీపు చుట్టూ నిలబడ్డాం. పైలట్, డాక్టరుగారు, రంపం పట్టే మనిషి, జాడలు చూసే ఇద్దరు సోంగా మాట్లాడే పెద్దాయనలు, గార్డులు, నేను. డాక్టరుగారు మొదట జంతువు గురించి మాట్లాడలేదు, మా గురించి మాట్లాడారు. వాడే మందు ఎటార్ఫిన్. మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లు పైన బలమైనది. అంత పెద్ద జంతువును పడేయడానికి అర మిల్లీలీటరు కూడా అక్కర్లేదు. మనిషికి సూది గుచ్చుకున్నా, కంట్లో చుక్క పడ్డా ప్రాణం మీదికొస్తుంది. "నేను పడిపోతే విరుగుడు ఈ ఎర్ర పెట్టెలో ఉంది. ఎవరు వేస్తారు? నా ఊపిరి ఎవరు చూస్తారు?" అని ఒక్కొక్కరి చేత పైకి చెప్పించారు. ప్రతి పొద్దునా ఇదే, ఒక్క రోజు కూడా మానలేదు.

ఈ మందు వెనక పెద్ద కథ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఆఫ్రికా దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు వంద కూడా మిగల్లేదు. దక్షిణాఫ్రికాలోని ఉమ్‌ఫలోజి లోయలో మిగిలిన ఆ కొన్నింటిని కాపాడితే, 1960ల నాటికి అక్కడ మేత చాలనంతగా పెరిగాయి. అన్నీ ఒకేచోట ఉంటే ఒక్క రోగం చాలు తుడిచిపెట్టడానికి. వేరేచోటికి తరలించాలంటే మత్తు కావాలి. అప్పుడే కొత్తగా తయారైన ఈ ఎటార్ఫిన్‌ను జంతువైద్యుడు టోనీ హార్తూర్న్ వాటి మీద వాడి చూశారు. అక్కడి వన్యప్రాణి సంరక్షణ అధికారి ఇయాన్ ప్లేయర్ బృందం వందల జంతువులను లారీల్లో, ఓడల్లో ఇతర రిజర్వులకు, దేశాలకు పంపింది. ఇవాళ ప్రపంచంలో ఉన్న దాదాపు ప్రతి దక్షిణాది తెల్ల ఖడ్గమృగం ఆ లోయలోని వాటి సంతానమే. మన అస్సాంలో ఒంటికొమ్ము ఖడ్గమృగాలను మానస్ జాతీయ పార్కుకు తరలించినప్పుడూ ఇదే మందు వాడారు.

అయితే తెల్ల ఖడ్గమృగానికి ఈ మందు సరిగా పడదు. పడుకోబెడుతుంది కానీ ఊపిరిని అణిచేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, కండరాలు వణుకుతాయి, బీపీ పెరుగుతుంది. అందుకే పడగానే చెవి నరంలో బ్యూటార్ఫనాల్ వేస్తారు, కొంత మత్తు తగ్గించి ఊపిరిని నిలబెట్టడానికి. ముక్కులో గొట్టం పెట్టి సిలిండర్ నుంచి ఆక్సిజన్ ఇస్తారు. జంతువు పక్కకు ఒరిగి ఉంటే పదిమందీ తోసి ఛాతీ మీద కూర్చోబెడతారు. ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో చెప్పాల్సింది ముక్కు దగ్గర కూర్చున్న మనిషి.

మొదటి జంతువు దగ్గరే తప్పు చేశాను. హెలికాప్టర్ నుంచి పేల్చిన మత్తు సూది, అంటే డార్ట్, తగిలింది. నాలుగు నిమిషాలకు ముంగాళ్ళు ఎత్తెత్తి వేయడం మొదలుపెట్టింది, ఇంకో మూడు నిమిషాలకు పొదల మధ్య కూలింది. పరిగెత్తాం. కళ్ళకు గుడ్డ కట్టారు, చెవుల్లో దూది కుక్కిన సాక్సులు దోపారు. మొదటిసారి అంత దగ్గరగా చూస్తున్నాను. చెవి అంచున పసిపిల్లల జుట్టంత మెత్తటి వెంట్రుకలు. చర్మం మడతల్లో ఎండిన బురద. రంపం మొదలవగానే గిట్టలు చెక్కేటప్పుడు వచ్చే వాసనే గుప్పుమంది. ఆ శబ్దానికి బిగుసుకుపోయి ఒక నిమిషం లెక్క తప్పాను. ఫారంలో గడి ఖాళీగా ఉండటం ఇష్టం లేక, ముందు ఏడు ఉంది కాబట్టి మళ్ళీ ఏడు అని రాశాను.

సాయంత్రం డాక్టరుగారు ఫారం చూస్తూ ఆ గడి మీద వేలు పెట్టారు. "ఇది నిజంగా లెక్కపెట్టావా?" లేదన్నాను. గొంతు పెంచలేదు. "తెలియకపోతే ఖాళీగా వదులు. తెలియదని అప్పుడే అరిచి చెప్పు. ఊహించి మాత్రం రాయకు. నీ అంకె చూసే నేను మందు వేస్తాను" అన్నారు. ఆ రాత్రి చాలాసేపు చిరుత కళ్ళ ముందు కదిలింది.

తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. రంపం మోతలో ఊపిరి వినపడదు, ఛాతీ కదలిక వణుకులో కలిసిపోతుంది. కాబట్టి చేతి వెనక భాగం నీళ్ళతో తడిపి ముక్కు రంధ్రం ముందు పెట్టేదాన్ని. ఊపిరి వదలగానే వెచ్చగా, ఎండుగడ్డి వాసనతో తగిలేది. ఊపిరికీ ఊపిరికీ మధ్య సెకన్లు లెక్కపెట్టేదాన్ని, తెలుగులోనే, పైకే. పది సెకన్లకొకటి వస్తే నిమిషానికి ఆరు. అంతకంటే తగ్గితే చెప్పమన్నారు.

ఎనిమిదో రోజు ఒక తల్లి, ఏడాది పిల్ల. డార్ట్ తగిలాక తల్లి ఎగుడుదిగుడు నేలలో దూరం పరిగెత్తింది, వాగు ఒడ్డున తల పల్లానికి పెట్టి పడింది. మేం చేరేసరికే ఒళ్ళు వేడెక్కి ఉంది. మొదటి నిమిషం ఎనిమిది, తర్వాత ఆరు. రంపం మొదలైంది. పది లెక్కపెట్టాను, రాలేదు. పన్నెండు, పద్నాలుగు. చేయి తడి ఆరిపోయిందేమోనని ఒక క్షణం నా మీదే అనుమానం వచ్చింది. పదిహేడుకి సన్నగా తగిలింది. మళ్ళీ లెక్క. ఇరవైకీ రాలేదు. "ఇరవై సెకన్లు, ఊపిరి లేదు!" అని ఇంగ్లీషులో అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రంపం ఆగిపోయింది. ఎవరూ ఎందుకని అడగలేదు. డాక్టరుగారు చెవి నరంలో రెండో మోతాదు బ్యూటార్ఫనాల్ వేశారు, ఆక్సిజన్ పెంచారు, అందరూ కలిసి భుజాన్ని తోసి తల ఎత్తుకు తిప్పారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన బకెట్‌తో వీపు మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. నేను చేయి తీయలేదు. పదిహేను. పదకొండు. తొమ్మిది. ఎనిమిది. ఒక్కసారిగా పెద్ద ఊపిరి నా మోచేతి దాకా తగిలింది. "ఏడు," అన్నాను. "మళ్ళీ ఏడు." మిగిలిన కొమ్మును నిమిషంలో కోసేశారు. గ్రైండర్‌తో అంచులు నున్నగా చేసే పని మాత్రం వదిలేశారు.

కొమ్ము పొడి ఒక్క రవ్వ కూడా నేల మీద వదలరు, టార్పాలిన్ దులిపి సంచిలో కడతారు. కొమ్ముకు మైక్రోచిప్ పెట్టి, తూకం వేసి, నంబరు రాస్తారు. డీఎన్ఏ నమూనా ప్రిటోరియా విశ్వవిద్యాలయం ఒండర్‌స్టెపోర్ట్ ల్యాబ్‌కు వెళ్తుంది. రేపు ఎక్కడైనా దొంగ కొమ్ము దొరికితే ఏ జంతువుదో కోర్టులో చెప్పగలిగేది ఆ నమూనాల వల్లే.

కొమ్ము తీసేయడం న్యాయమా అని అక్కడున్నన్ని రోజులూ నాలో నలిగింది. దాని ముఖం మీద దానికున్న ఆయుధం అది. మగవి దానితో పోట్లాడుకుంటాయి, తల్లి పిల్లను కాపాడుకుంటుంది. నేను వచ్చేసిన ఏడాదికి, 2025 జూన్‌లో, 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు చుట్టుపక్కల 11 రిజర్వుల్లో 2017 నుంచి 2023 దాకా లెక్కలు చూశారు. కొమ్ములు కోసిన చోట వేట 78 శాతం తగ్గింది, మొత్తం రక్షణ ఖర్చులో 1.2 శాతంతోనే. అయినా మిగిలిన మొదలు కోసం కూడా చంపినవి ఉన్నాయి. ఆ అంకెలు చదివాక నా మనసు కోయడం వైపే మొగ్గింది. కొమ్ము లేని బతుకు మేలు, ముఖం చెక్కేసి వదిలిన కళేబరం కంటే. ఆ ఫోటోలు వాళ్ళు మాకు చూపించారు. వాటి గురించి ఇక్కడ రాయను.

ఆ తల్లి దగ్గరికి మళ్ళీ వస్తాను. పిల్ల పని కూడా పూర్తయ్యాక కళ్ళ గుడ్డలు, సాక్సులు తీశారు. అందరినీ జీపు ఎక్కమన్నారు. విరుగుడు నాల్ట్రెక్సోన్ వేసేటప్పుడు డాక్టరుగారొక్కరే ఉంటారు. ఆ రోజు నన్నూ ఉండమన్నారు. చివరి లెక్క చెప్పాకే సూది వేస్తానన్నారు. చేయి తడుపుకుని పెట్టాను. "తొమ్మిది." ఆయన పిల్లకు వేశారు, వెంటనే తల్లి చెవి నరంలో వేశారు. నేను స్టాప్‌వాచ్ నొక్కాను, ఇద్దరం వెనక్కి తిరిగి చూడకుండా జీపు దాకా నడిచాం.

మొదట చెవి కదిలింది. తర్వాత తల. ముందు పిల్ల లేచింది, తూలుతూ తల్లి పొట్టకు ఆనుకుంది. తల్లి ముంగాళ్ళు సర్దుకుని ఒక్క ఊపున నిలబడింది, మా వైపు గాలి పీల్చి, పిల్లను ముందు పెట్టుకుని వాగు దాటి పోయింది. ఫారంలో చివరి గడి, లేచిన సమయం. 1 నిమిషం 50 సెకన్లు అని రాసి డాక్టరుగారికిచ్చాను. ఆయన మొదటి వరుస నుంచి చివరి దాకా అన్ని అంకెలూ చదివి, కింద సంతకం పెట్టి, నన్నూ పెట్టమన్నారు. ఆ పొద్దుటికి ఇంకో రెండు జంతువులు మిగిలున్నాయి.